ఎడమకు నాలుగు క్లిక్కులు

ముప్పై ఏళ్లకు పైగా పోలీసు శాఖలో తుపాకులు బాగు చేశాను. అంతకాలంలో నేను రాసిన రిపోర్టుల్లో పై అధికారి చింపేసింది ఒక్కటే. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. బహుశా అందుకే చింపేశాడేమో. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, నక్సలైట్ల కాలం నాటి ముచ్చట ఏదైనా చెప్పమంటారు. ఎదురుకాల్పుల గురించి చెబుతాననుకుంటారు పాపం. నేను ఒక్క ఎదురుకాల్పుల్లో కూడా లేను. నాకు తెలిసింది నా బల్ల, ఆకురాయి, కిరోసిన్ వాసన. అందుకని ఆ చింపేసిన రిపోర్టు సంగతే చెబుతాను. వింటుంటే మీకు అయోమయంగా ఉంటే నన్ను తిట్టుకోకండి, నాకు ఇప్పటికీ అయోమయంగానే ఉంది.

అప్పుడు నేను జగిత్యాలలో ఉండేవాణ్ణి. ఒక ఆఫీసు వెనక చిన్న గది, ఇనుప చువ్వల కిటికీ, ఒక బల్ల. చుట్టుపక్కల ఠాణాల్లో చెడిపోయిన తుపాకులన్నీ ఆ బల్ల మీదికే వచ్చేవి. ఇటు కోరుట్ల నుంచి, అటు సిరిసిల్ల వైపు నుంచి, గోనెపట్టాలో చుట్టి జీపులో వేసుకొని తెచ్చేవారు. నా హోదా హెడ్ కానిస్టేబులే గానీ, అందరూ మిస్త్రి సాబ్ అనే పిలిచేవారు. ఇల్లు మల్యాల. పొద్దున బస్సెక్కి, సాయంత్రం బస్సెక్కి, తొమ్మిది నుంచి అయిదు దాకా పనిచేసే పోలీసును జిల్లా మొత్తంలో నేనొక్కణ్ణేనని మా ఆవిడ ఎగతాళి చేసేది.

నాకు పని నేర్పిన ఉస్తాద్ అప్పటికే రిటైరై కోరుట్లలో ఉండేవాడు. ఆయన కాలపు రివాల్వర్లు వేరు. గొట్టం సన్నగా ఉండి, కొసకు పోయేకొద్దీ ఇంకా సన్నబడేది. గురి చూసుకోవడానికి ఉండే ముందు సైటు గొట్టంతో పాటే పోతపోసిన చిన్న ఇనుప రేకు. వెనక సైటంటే రివాల్వర్ నెత్తి మీద కోసిన ఒక గాడి, అంతే. ఆ గాడిలోంచి చూస్తే ముందు రేకు కనబడాలి, దాని మీద మనిషి కనబడాలి. కోటల్లాంటి తమ గడీలు వదిలి పట్నానికి పోయిన దొరలు ఠాణాల్లో అప్పగించిన రివాల్వర్లు కూడా దాదాపు అన్నీ ఆ రకమే. మెడకు చీటీ కట్టుకొని బీరువాల్లో పడి ఉండేవి. తూటా పక్కకు పోతున్నదంటే జరిపేందుకు వాటిలో ఏమీ ఉండదు. ఆకురాయితో ముందు రేకును రాయడమే. పైన రాస్తే తూటా పైకి పోతుంది. కుడి పక్క రాస్తే కుడికి పోతుంది. ఒకసారి రాస్తే రాసినట్టే, అరిగిన ఇనుమును మళ్లీ అతికించలేం.

అందుకే ఉస్తాద్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తను కాల్చి చూసేవాడు కాదు. ఆ రివాల్వర్ ఎవరిదో ఆ అధికారినే తీసుకుపోయి అయిదు తూటాలు కాల్పించేవాడు. అవి ఎక్కడ పడితే దాన్నిబట్టి రాసేవాడు.

"తుపాకి నీకు సీదా పోతె ఏం ఫాయిదా బేటా?" అనేవాడు నాతో. "కాల్చేది సాబు. సాబు చేతికి సీదా పోవాలె."

ఆ మాట నాకు నరాల్లోకి ఎక్కింది. ఇరవై ఏళ్లు అట్లాగే చేశాను, ఒక్కసారి కూడా బెడిసికొట్టలేదు. అందుకే కొత్త రివాల్వర్ వచ్చిన రోజున కూడా అట్లాగే చేశాను.

కొత్తవి మొదట మాకు మూడే వచ్చాయి. ప్రమాదం ఎక్కువగా ఉన్న ఠాణాల ఎస్సైలకు ఇచ్చారు. పెట్టె విప్పి చూస్తే నాకు అది రివాల్వర్‌లాగే కనబడలేదు. గొట్టం కొసదాకా ఒకే లావు. కింద ఖాళీ తూటాలను బయటికి నెట్టే కడ్డీ పాత వాటిలో బయటికే కనబడేది, దేనికైనా తగిలి వంగేది. దీంట్లో దానికి ఇనుప తొడుగు వేశారు. ముందు బరువు పెరిగింది కాబట్టి కాల్చినప్పుడు మూతి అంతగా పైకి ఎగరదు. గొట్టం పైన చదునైన పట్టీ, దాని మీద ఎండ మెరవకుండా సన్నటి గీతలు. ముందు సైటు ఏటవాలుగా ఉండి, దానిలో ఎర్రటి ముక్క ఒకటి పొదిగి ఉంది. ఇవన్నీ నచ్చాయి. నచ్చనిది వెనక సైటు. అది విడిగా ఉంది, దానికి పక్కన ఒక స్క్రూ, పైన ఒక స్క్రూ. పక్క స్క్రూ తిప్పితే టిక్కు టిక్కుమని సైటు ఎడమకో కుడికో జరుగుతుంది. ఆకురాయి పని లేదు. కోరుట్ల పోయి ఉస్తాద్‌కు చెబితే ఆయన రెండు వేళ్లతో గాలిలో స్క్రూ తిప్పి చూశాడు.

"అంటె ఎవడైన తిప్పొచ్చన్నట్టు," అన్నాడు.

నేను నవ్వాను. అప్పుడు అది ముసలాయన దిగులనుకున్నాను.

మూడింట్లో ఒకటి ఒక కుర్ర ఎస్సైకి వచ్చింది. ఆయన ఠాణా కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే దారిలో ఎక్కడో ఉందని చెప్పి వదిలేస్తాను, పేరు వద్దు. ఆయనది బోయినపల్లి వైపు వ్యవసాయం కుటుంబం, అన్న దుబాయిలో ఉండేవాడు. ఠాణా చుట్టూ ఇసుక బస్తాలు, ముళ్లకంచె. ఆయన బయట చాయ తాగాలన్నా ముందు నలుగురు పోయి ఆ హోటలు చూసి రావాలి. ఆ రోజుల్లో నక్సలైట్ల దళం అడవిలో ఉండేది, కానీ ఎస్సైలకు భయం దళం గురించి కాదు. శాలువా కప్పుకొని, మామూలు మనిషిలా పక్కకు వచ్చి, చెయ్యి బయటికి తీసి కాల్చి పోవడానికి వాళ్లు పంపే ఇద్దరి గురించి. అట్లా పోయినవాళ్లు మాలో చాలామందే ఉన్నారు. కొందరి రివాల్వర్లకు నూనె పెట్టి ఇచ్చింది నేనే.

"మిస్త్రి సాబ్, నాకు శాన తూటాలు కాల్చే మోఖా దొరకది," అన్నాడు ఆ ఎస్సై మొదటి రోజే. "కాలిస్తె ఒక్కటే కాలుస్త కావచ్చు. గది తగలాలె. గంతే నాకు గావలసింది."

చెప్పేటప్పుడు నవ్వుతూనే చెప్పాడు. పెళ్లయి ఏడాది కాలేదని అప్పటికే ఎవరో నాకు చెప్పారు.

జగిత్యాల బయట ఒక గుట్ట వెనక మాకు కాల్చుకునే జాగా ఉండేది. అక్కడికి తీసుకుపోయి, ఉస్తాద్ పద్ధతిలో ఆయనతోనే అయిదు కాల్పించాను. ఐదూ ఒకే చోట పడ్డాయి, కానీ గురికి పెట్టిన అట్ట మధ్యలో కాదు, జానెడు కుడికి. ఒకే చోట పడ్డాయంటే చెయ్యి నిలకడగా ఉన్నట్టు. అంటే తుపాకే కుడికి కొడుతున్నది. నేను గర్వంగా చిన్న స్క్రూడ్రైవర్ తీసి, సైటును ఎడమకు నాలుగు క్లిక్కులు తిప్పాను. మళ్లీ కాల్చమన్నాను. ఐదూ మధ్యలో పడ్డాయి. ఆకురాయి లేకుండా, చెమట పట్టకుండా అయిదు నిమిషాల్లో పని అయిపోయింది. ఎస్సై నా భుజం తట్టాడు. స్క్రూ జరిగితే తెలియాలని దాని మీద తెల్ల పెయింటుతో సన్నటి గీత కూడా పెట్టి పంపాను.

నెల తిరగకముందే అది శుభ్రం చేయించడానికి నా దగ్గరికి వచ్చింది. ఎందుకు బుద్ధి పుట్టిందో, ఈసారి నేనే తీసుకుపోయి మూడు కాల్చాను. మూడూ జానెడు ఎడమకు పోయాయి.

ఎస్సైకి వైర్‌లెస్‌లో కబురు పెట్టి పిలిపించి, ఆయన ఎట్లా గురిచూస్తాడో అడిగాను. ఆయన మామూలుగా చెప్పాడు. "నా పాత రివాల్వర్ ఎడమకు కొట్టేది గద. జానెడు కుడికి చూసి కాలుస్త. నాలుగేండ్ల సంది గట్లనే అలవాటు."

"మరి నాకు చెప్పకపోతిరి సార్?"

"నువ్వు అడుగకపోతివి."

నిజమే, అడగలేదు. తుపాకి కొత్తది, కన్ను పాతది. కొత్త తుపాకి సీదాగానే కొడుతుంటే, పాత కన్ను దాన్ని కుడికి పంపింది. నేను కన్ను తప్పును తుపాకి తప్పనుకొని స్క్రూ తిప్పాను. ఒకటే రోగానికి ఇద్దరం రెండు మందులు వేశాం, ఒకరికి తెలియకుండా ఒకరం. ఉస్తాద్ పద్ధతి పాత ఇనుముకు సరిపోయింది. అప్పుడు అధికారికి జీవితాంతం అదే రివాల్వర్ ఉండేది, కన్నూ తుపాకీ కలిసే ముసలివయ్యేవి. తుపాకి మారినప్పుడు కన్ను సంగతి ముందు అడగాలని నాకు తట్టలేదు. పిల్లలూ, మీకు నేను చెప్పగలిగిన పాఠం ఏదన్నా ఉంటే ఇదొక్కటే. ముందు మీరు కాల్చండి, తర్వాత వాళ్లతో కాల్పించండి.

సైటును నాలుగు క్లిక్కులు వెనక్కి తిప్పి, గీత మళ్లీ పెట్టి, "ఇగ సీదా చూడండి సార్, పాతది మరువండి," అన్నాను. అప్పుడు తూటాలు లెక్కపెట్టి ఇచ్చేవారు. ఆ రోజు ఆయన వాటాకు ఆరే మిగిలాయి. మూడు మధ్యలో పడ్డాయి. మూడు కుడికి పోయాయి. చూసిన ప్రతిసారీ ఏ కన్ను పని చేస్తున్నదో ఆయనకే తెలియడం లేదు.

"మర్చిపోత తియ్యి," అని జీపెక్కాడు.

అది చలికాలం. ఆ తర్వాత మూడు వారాలకు, పొద్దున ఎనిమిది గంటలప్పుడు, ఆయన ఠాణా ఎదుటి బస్టాపు దగ్గర వచ్చే బస్సులు తనిఖీ చేయిస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి ఒక మనిషి, శాలువా కప్పుకొని, "సార్, సార్," అంటూ గబగబా వచ్చాడు. ఎస్సై తిరిగి చూసేసరికి ఆ మనిషి కుడి చెయ్యి శాలువా లోపల ఉన్న సంచిలోకి పోయి, ఏదో పట్టుకొని బయటికి వస్తున్నది. ఎస్సై కాల్చాడు. ఒక్కటే తూటా.

తగల్లేదు. ఆ మనిషి నేలమీద బోర్లా పడ్డాడు. సంచిలోంచి కాగితాలు రోడ్డు మీద చెల్లాచెదురయ్యాయి. పాస్‌పోర్టు ఫారం, దానికి పెట్టే ఫోటోలు, రేషన్ కార్డు. ఆయన అదే ఠాణా కింది ఊరి రైతు. మస్కట్ పోయి వచ్చి, మళ్లీ పోవడానికి పోలీసు వెరిఫికేషన్ కోసం ఠాణా చుట్టూ తిరుగుతున్నాడు. మూడుసార్లు వస్తే మూడుసార్లూ రేపు రమ్మన్నారు. వీసా గడువు దగ్గరపడుతున్నది. సారు బయట దొరికాడు గదా అని ఆశగా ఉరికి వచ్చాడు.

రెండు రోజుల తర్వాత రివాల్వర్ బట్టలో కుట్టి, లక్కతో సీలు వేసి నా బల్ల మీదికి వచ్చింది. దానితో పాటు మా డీఎస్పీ సంతకంతో మూడు ప్రశ్నలు. సైటులో దోషం ఉందా? ఉంటే ఎవరి వల్ల? గురి తప్పింది ఆ దోషం వల్లేనా?

మామూలుగా ఎవరైనా ఎందుకు తగిలిందని విచారణ చేస్తారు. ఎందుకు తగల్లేదని అడిగిన విచారణ నా సర్వీసులో అదొక్కటే. కానీ ఆ ప్రశ్నల వెనక పెద్ద తిరకాసు ఉంది. దోషం సైటుదైతే తప్పు నాది, నాకు శిక్ష. సైటు బాగుంటే ఎస్సై బాగా చూసి ఏ పాపం తెలియని మనిషి మీద కాల్చినట్టు, ఆయనకు శిక్ష. తప్పు సైటుదైనా కన్నుదైనా, అదే లేకపోతే ఆ రైతు చచ్చిపోయేవాడు. దాన్ని దోషమని ఎట్లా రాయాలి?

సీలు విప్పి చూశాను. నేను పెట్టిన తెల్లగీత లేదు. ఎస్సైకి కాపలాగా ఉండే కానిస్టేబులును పిలిచి అడిగాను.

"కిరోసిన్ పెట్టి కడిగిన సార్," అన్నాడు, మెచ్చుకుంటాననుకున్నట్టు. "కాల్చినంక కడుగాలని మీరే చెప్పిన్రు గద."

అవును, నేనే చెప్పాను. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి కూడా పెట్టాను.

తీసుకుపోయి కాల్చాను. తూటాలు బెత్తెడు ఎడమకు పోయాయి. నేను సీదాగా పెట్టి ఇచ్చింది ఎడమకు ఎట్లా జరిగింది? ఎస్సైనే అడిగాను. తల వంచుకొని చెప్పాడు. అలవాటు పోవడం లేదని, సగం కన్నుకు సగం తుపాకికి అన్నట్టు తనే తిప్పాడట. సిరిసిల్లలో మగ్గాలు బాగు చేసే మనిషి దగ్గర సన్నటి స్క్రూడ్రైవర్ అడిగి తీసుకొని.

"ఎన్ని క్లిక్కులు తిప్పిన్రు సార్?"

"రెండు. మూడు గూడ కావచ్చు."

"ఆనాడు కాల్చినప్పుడు సీదా చూసిన్రా, కుడికి చూసిన్రా?"

"చెయ్యి చూసిన," అన్నాడు. "ఆయన చెయ్యి బైటికొస్తుంటె గదే చూసిన. సైటు చూసిన్నో లేదో యాదికి లేదు."

నేను ఆ బస్టాపు దాకా పోయి చూశాను. షెల్టరు గోడకు తూటా దెబ్బ ఉంది. కానీ మనిషి ఎక్కడ నిలబడ్డాడో ఎవరికీ సరిగా తెలియదు. చాయ హోటలాయన పది అడుగుల దూరమన్నాడు. కండక్టరు ముప్పై అన్నాడు. పది అడుగులైతే సైటు తేడా రెండు వేళ్ల మందం కూడా ఉండదు. ముప్పై అయితే కొంచెం లెక్కలోకి వస్తుంది. కుడి పక్కనుంచి పోయిందని ఒకరు, ఎడమ పక్కనుంచి అని ఒకరు. మళ్లీ ఎవరి కుడి, ఎస్సై కుడి వైపా, ఆ రైతు కుడి వైపా? నిలబడి అడిగేకొద్దీ జనం పోగై ఇంకో నాలుగు రకాలుగా చెప్పారు. కాగితం మీద బొమ్మ గీసి, గీతలు కొట్టి, తిప్పి చూశాను. నా లెక్క ప్రకారం సీదా చూసినా, కుడికి చూసినా భుజానికైనా తగలాలి. ఎటు చూసినా తగలాల్సిందే. తగల్లేదు. ఆయన చెయ్యి వణికిందా, రైతు పక్కకు జరిగాడా, కిరోసిన్ గుడ్డతో రుద్దినప్పుడు ఇంకో క్లిక్కు కదిలిందా? బస్సులో కూర్చొని ఆలోచిస్తూ మల్యాల దాటిపోయి, కొండగట్టు దగ్గర దిగి వెనక్కి నడిచాను.

కోరుట్ల పోయి ఉస్తాద్‌కు చెప్పాను. ఏదో ఒక దారి చూపిస్తాడనుకున్నాను.

"నువ్వు తిప్పినవ్. సాబు తిప్పిండు. కానిస్టేబులు తుడిచిండు," అన్నాడు వేళ్లు మడిచి లెక్కపెడుతూ. "ముగ్గురూ మంచికే చేసిన్రు. ఇంగ నన్నేం అడుగుతవ్ బేటా?"

చివరికి తెలిసిందంతా తెలిసినట్టు రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. మొదటి తప్పు నాది, అధికారి కన్ను అలవాటు అడగకుండా స్క్రూ తిప్పాను. రెండోది ఎస్సై గారిది. మూడోది నేను నేర్పిన శుభ్రత వల్ల జరిగింది. గురి వీటిలో దేనివల్ల తప్పిందో, అసలు వీటి వల్లే తప్పిందో లేదో నాకు తెలియదు. ఇట్లా సంతకం పెట్టి డీఎస్పీ ముందు పెట్టాను. ఆయన కోస్తా నుంచి వచ్చిన అధికారి, చదువుకున్నవాడు. నన్ను నిలబెట్టే మొత్తం చదివాడు.

"తప్పు నాదే అంటావు, ఎస్సైదీ అంటావు, చివరికి ఎవరిదీ కాదంటావు. ఇది రిపోర్టా, హరికథా?" అని అడ్డంగా, నిలువుగా చింపి బుట్టలో వేశాడు. "ఇతన్ని తీసేసి ఆ ఠాణాకి ఎవర్ని పంపను? వస్తానన్నవాడు ఒక్కడు లేడు. ఒక్క లైను రాసి, ఇవాళే బాగు చేసి అతని చేతికివ్వు. ఖాళీ నడుముతో వెనక్కి పంపలేను."

అక్కడే నిలబడి రాశాను. 'వెనక సైటు కొంత ఎడమకు జరిగి ఉన్నది. సరిచేసి అప్పగించడమైనది.' అంతే. ఎవరు జరిపారో లేదు. దానంతటదే జరిగినట్టు, దానంతటదే సరైనట్టు. ఇంకా సరిచేయలేదు కూడా.

నా గదికి వచ్చేసరికి స్టూలు మీద ఒక మనిషి కూర్చున్నాడు. శాలువా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చిన ఆ రైతే. లోపల బెంచీ ఖాళీ లేదని ఎవరో నా గదిలో కూర్చోబెట్టారు. మోకాలికి పట్టీ ఉంది, పడ్డప్పుడు చెక్కుకుపోయింది. బల్ల మీద గుడ్డలో ఉన్న రివాల్వర్ వైపు చూశాడు.

"గిదేనా సార్?"

"గిదే."

"దగ్గర్నించే కాల్చిండు. ఎట్ల తగల్లేదు సార్?"

చింపేసిన నాలుగు పేజీలూ ఆయనకు చెప్పాలనిపించింది. "సైటు జర పక్కకు జరిగున్నది," అన్నాను.

ఆయన రెండు చేతులూ జోడించాడు, నాకు కాదు, ఆ తుపాకికి. "జరిపినోడు ఎవడో గని, వాని కడుపు సల్లగుండ. నాకు ఇద్దరు బిడ్డలున్నరు సార్."

నేను ఆకురాళ్లు సర్దుతున్నట్టు అటు తిరిగాను. పొగడ్త కోసం మొహం వాచిన మనిషిని నేను. కానీ ఆ దీవెన నాదని చెప్పుకుంటే అబద్ధమో నిజమో తెలియలేదు.

ఎస్సై లోపలికి వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రైతు లేచి నిలబడ్డాడు. ఆయన మెల్లగా, రెండు చేతులూ కనబడేట్టు ముందుకు చాపి, చేతిలోని కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"సార్, గీ ఫారం మీద రాసిస్తె పోత. వీసాకు ఇంక పది దినాలే ఉన్నది."

ఎస్సై నా పెన్ను తీసుకున్నాడు. ఈ మనిషి మంచివాడు, ఇతని మీద ఏ కేసూ లేదు అని నా బల్ల మీదే, ఆ రివాల్వర్ పక్కనే రాసి సంతకం పెట్టాడు. అక్షరాలు వంకరపోయాయి. "పటేలా, నన్ను..." అని ఆగిపోయాడు. రైతు కాగితం ఊది, ఆరబెట్టి, మడిచి, లోపలి జేబులో పెట్టుకున్నాడు. "నీదేం లేదు సార్. రోజులు గట్లున్నయ్," అని కుంటుకుంటూ వెళ్లిపోయాడు. ఆ మాటకు ఎస్సై ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు, స్టూలు మీద కూర్చున్నాడు.

"సరి చెయ్యి మిస్త్రి సాబ్," అన్నాడు.

స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను గానీ తిప్పబుద్ధి కాలేదు. సీదాగా పెడితే, రేపు ఇంకో మనిషి ఇంకో సంచిలో చెయ్యి పెట్టినప్పుడు తూటా తప్పదు. పెట్టకపోతే, నిజంగానే శాలువా కింద తుపాకి ఉన్నవాడు వచ్చిన రోజున ఈ పిల్లవాడు మిగలడు. ఆయన భార్య అప్పటికి నెలలు నిండి ఉన్నదని విన్నాను. తర్వాత ఆయనకేమీ కాలేదు, బదిలీ అయి పోయాడు, పిల్లల పెళ్లిళ్లు కూడా చేశాడని తెలిసింది. కానీ ఆ మధ్యాహ్నం అది నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. నేను దేవుణ్ణి కాదు, తుపాకులు బాగు చేసేవాణ్ణి. నా పని సీదాగా పెట్టడమే అని మనసుకు చెప్పుకున్నాను. అది గట్టి కారణంగా తోచలేదు. అయినా కుడికి ఒకటి, రెండు అని లెక్కపెడుతూ తిప్పాను. ఇద్దరం గుట్ట వెనక్కి పోయాం. నేను మూడు కాల్చాను. అట్ట మీద మూడూ ఒకే కన్నంలో పడ్డట్టు పడ్డాయి. అంత చక్కగా నేను ఎప్పుడూ పెట్టలేదు.

గదికి తిరిగి వచ్చి, తుడిచి, నూనె పెట్టి, ఆరు తూటాలు పక్కన పెట్టాను. అప్పగింత పుస్తకం ఆయన ముందుకు జరిపాను.

"ఇప్పుడు నేను ఎటు చూడాలె?" అని అడిగాడు.

"ఎటూ లేదు సార్. చూసిన కాడికే పోతది."

"చూసిన కాడికేనా?"

"వెంట్రుక గూడ తేడా లేదు."

మొదటి రోజు నుంచీ నన్ను ఆయన అడిగింది ఆ ఒక్క మాటే. ఆయన చెయ్యి చాపాడు. వేళ్లు పిడి దాకా వచ్చి ఆగాయి. మళ్లీ వెనక్కి పోయి, రెండు మోకాళ్ల మధ్యకు చేరాయి.

"అయితె," అన్నాడు నా మొహం చూడకుండా, "జరసేపు గక్కడనే ఉండనియ్యి."